ఆముదం ఆరదు

మొన్న సోమవారం మందుల షాపు నుంచి నా బీపీ మాత్రలు తెచ్చుకుని డబ్బా విప్పితే, ఏళ్ళ తరబడి గులాబీరంగులో వస్తున్న మాత్ర సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. కంపెనీ మారిందిగాని మందు అదేననీ, గ్రాండ్‌గా పనిచేస్తుందనీ కౌంటరు దగ్గరి అమ్మాయి ముందే చెప్పింది. ఈ ఐర్లండులో గ్రాండ్ కానిదంటూ ఏమీ లేదు, కాలు విరిగినవాణ్ణి పలకరించినా గ్రాండనే అంటాడు. మందు గురించి నాకు బెంగ లేదు, నా బెంగల్లా రంగు గురించి. ఆ గులాబీరంగుకు ఎర్ర ఐరన్ ఆక్సైడు ఎంత పడుతుందో, తెల్ల టైటానియం ఎంత పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను, ఎందుకంటే నా ఉద్యోగజీవితమంతా మాత్రలకు రంగుపూత వేయడంలోనే గడిచింది, మొదట హైదరాబాదులో, తరువాత ఈ అత్లోన్ ఊళ్ళో. ఆ తెల్లమాత్రను అరచేతిలో పెట్టుకుని కూర్చుంటే మనసు తిన్నగా పోయి కరోనా నాటి ఒక చలికాలం మీద వాలింది. ఆ చలికాలంలో నేను చేసిన ఒక ఘనకార్యం ఉంది. మా ఇంట్లో ఇప్పటికీ దాన్ని తలుచుకుని నవ్వుతారు, నేనూ నవ్వుతాను, కాకపోతే అందరి తరువాత నవ్వుతాను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన చిన్నతనంలో మాత్రలకు పంచదార పూత ఉండేది, నాలుక మీద పెట్టుకోగానే తియ్యగా ఉండి, ఆ తీపి పోయాక అసలు సంగతి తెలిసేది. నేను గుంటూరులో డిగ్రీ పూర్తిచేసి హైదరాబాదు మందుల కంపెనీలో చేరేనాటికి ఆ పూత ఇంకా చేత్తోనే వేసేవారు. ఏటవాలుగా తిరిగే పెద్ద రాగి బానలో మాత్రలు దొర్లుతూ ఉంటే గరిటెతో రంగుపాకం పోయడం, వేడిగాలితో ఆరబెట్టడం, మళ్ళీ పోయడం; ఒక్కో మాత్రకు నలభై యాభై పూతలు పడేవి. మా పెద్దమేస్త్రీ పాతబస్తీ మనిషి, చదువు అంతంతమాత్రమేగాని ఆయన కంటికి మిషన్లు సాటిరావు. రంగు కుదిరిందో లేదో ట్యూబులైటు కింద చూడనిచ్చేవాడు కాదు, పిడికెడు మాత్రలు తీసుకుని ఉత్తరం కిటికీ దగ్గరకు నడవమనేవాడు. "తడి రంగును నమ్మకు బిడ్డా, ఆరినంకనే దాని అసలు ముఖం కనబడ్తది" అనేవాడు. ఆ మాట నేను నా కింద పనిచేసిన వాళ్ళందరికీ చెప్పాను, అత్లోన్ ఫ్యాక్టరీలో ఐరిష్ కుర్రాళ్ళకు ఇంగ్లీషులోకి మార్చి మరీ చెప్పాను. చెప్పడం వేరు, ఒంటబట్టడం వేరు అని తెలియడానికి నాకు అరవై ఏడేళ్ళు పట్టింది.

ఇక ఆ చలికాలం సంగతి. మా అమ్మాయి ఇక్కడికి గంటన్నర దూరంలో బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉంటుంది, ఆసుపత్రిలో నర్సు. అల్లుడు గుండెకు వేసే స్టెంట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. క్రిస్మస్‌కు ఊళ్ళు దాటి వెళ్ళవచ్చని సర్కారు వారు దయతలచిన ఆ కొద్దిరోజుల్లో వాళ్ళ కూతురితో సహా ముగ్గురూ మా ఇంటికి వచ్చారు. వచ్చిన మూడోనాడే మా అమ్మాయి వార్డులో కేసులు మొదలయ్యాయని ఫోను. ఇద్దరూ రోజూ బయటికి పోయి పనిచేసేవాళ్ళు, పిల్లకేమో బళ్ళు ఇంట్లోంచే అన్నారు, అందుకని మా మనవరాలిని రెండు వారాలు మా దగ్గర ఉంచి వెళ్ళారు. ఆ రెండు వారాలు పదివారాలయ్యాయి. ఇంటికి అయిదు కిలోమీటర్లు దాటితే రోడ్డు మీద గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కారు ఆపి ఎక్కడికని అడిగే రోజులు అవి. పిల్లకు అప్పుడు పదిహేడేళ్ళు, బడిలో ఆఖరి సంవత్సరం. ఇక్కడే పుట్టింది గనక తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం పక్కింటి ఐరిష్ పిల్ల చెప్పినట్టే ఇంగ్లీషులో చెబుతుంది.

ఆ పిల్ల జీవితం అప్పుడు ఒక ఒప్పందం మీద నడుస్తోంది. ఆమెకు బొమ్మలు వేయడం నేర్పే కాలేజీలో చేరాలని ఉంది, తల్లికేమో ఫార్మసీ చదివించాలని ఉంది. కొన్ని నెలలు యుద్ధం జరిగాక సంధి కుదిరింది: మార్చి మొదట్లోగా తను వేసిన బొమ్మలన్నీ కాలేజీకి పంపాలి, వాళ్ళు సీటిస్తే సరే, ఇవ్వకపోతే మారుమాట్లాడకుండా ఫార్మసీలో చేరాలి. రెండో ఏడు ప్రయత్నిస్తానంటే కుదరదు. ఇది పైకి కనిపించే ఒప్పందం. దీని వెనక ఇంకొకటి ఉంది, అది మా అమ్మాయికీ నాకూ మధ్య జరిగింది. వెళ్ళేటప్పుడు కారు దగ్గర నిలబడి, "నాన్నా, నువ్వు చెప్తే వింటదిగా, కాస్త ఫార్మసీ వైపు తిప్పు" అంది. నేను సరేనన్నాను. పిల్లకు మంచిదే కదా అనుకున్నాను, నేనూ ఆ తిండి తిని బతికినవాణ్ణే కదా అనుకున్నాను. ఆ సరేనన్న మాట మాత్రం పిల్లకు చెప్పలేదు.

మొదటివారం నా ధర్మం నేను నెరవేర్చాను. అన్నం తింటున్నప్పుడు మందుల గొప్పతనం, టీ తాగుతున్నప్పుడు ఫార్మసీ చదివిన వాళ్ళ జీతాలు, ఆదివారం జూమ్‌లో ఆరాధన అయిపోయాక మా సంఘంలో ఫార్మసీ చదివి స్థిరపడిన వాళ్ళ పిల్లల పేర్లు. పిల్ల అన్నిటికీ తల ఊపి మళ్ళీ తన పుస్తకంలో తల దూర్చేది. మా ఆవిడ మాత్రం కనిపెట్టింది, ఆవిడ దగ్గర ఏదీ దాగదు. "పిల్లకు మాత్ర మింగిస్తున్నట్టున్నారు, కాస్త పంచదార పూతన్నా వేయండి" అని వంటింట్లోంచి ఒక చురక వేసింది.

పిల్ల తల దూర్చిన పుస్తకం బరోక్ చిత్రాల మీద. బరోక్ అంటే మన లెక్కలో గోల్కొండ నవాబుల కాలం. అక్కడ వాళ్ళు ఏలుతున్న రోజుల్లో ఇక్కడ యూరపులో ఇలాంటి బొమ్మలు వేసేవారట, చుట్టూ చిమ్మచీకటి, మధ్యలో ఒక మనిషి ముఖం మీదో చేతుల మీదో మాత్రం పడే వెలుగు. నాకు బొమ్మల గోల తెలియదు, వెలుతురు చాలక అలా వేశారేమో అని ఎగతాళి కూడా చేశాను. ఒకరోజు పిల్ల ఆ కాలపు చిత్రకారుల రంగుల పట్టిక పైకి చదువుతోంది: ఎర్రమట్టి, పచ్చమట్టి, ఎముకల బొగ్గు నుంచి నలుపు, లక్క పురుగుల నుంచీ ఇంకో రకం పురుగుల నుంచీ తీసిన ఎరుపు. నేను టీ కప్పు కింద పెట్టేశాను. ఆ ఎర్రమట్టి మన జేగురు, మన జేగురే నా ఐరన్ ఆక్సైడు. ఆ పురుగుల ఎరుపుతో నేను దగ్గుమాత్రలకు పూత వేశాను. వాళ్ళ సీసపు తెలుపు మన వడ్రంగులు తలుపులకు పూసిన సఫేదా, వాళ్ళ వెర్మిలియన్ ఎరుపు మన ఇంగిలీకం. ముప్ఫైయేళ్ళకు పైగా నేను చేసిన పని ఆ మహానుభావులు చేసిన పనికి మేనల్లుడి వరస అవుతుందని అరవై ఏడో ఏట తెలిస్తే మనిషికి ఎలా ఉంటుందో చెప్పండి. ఆ సాయంత్రం ఫార్మసీ ఊసు ఎత్తడం మరిచిపోయాను, ఆ తరువాత కూడా ఎందుకో గుర్తు రాలేదు.

పెరట్లో పాతసామాను గదిలో నా పాత అట్టపెట్టె ఒకటి ఉండేది, రంగుల కంపెనీల వాళ్ళు శాంపిళ్ళుగా పంచిన చిన్న చిన్న సీసాలు. గడువు తీరిపోయాయని పారేయబోతుంటే నేను దాచుకున్నవి. అది తెచ్చి పిల్ల ముందు పెడితే నిధి దొరికినట్టు చూసింది. ఆ రోజు నుంచి మా వంటింటి బల్ల మాది కాకుండా పోయింది. పొద్దున ఆమె ఆన్‌లైను క్లాసులు, మధ్యాహ్నం మా రంగుల పని. ఆదివారం కూరలోని మటన్ ఎముకలు దాచి, పాత బిస్కట్ల డబ్బాలో పెట్టి పెరట్లో కాల్చాం. ఆ కమురు కంపుకు పక్కింటి ముసలాయన గోడ మీంచి తొంగిచూసి అంతా గ్రాండేనా అని అడిగితే, నేను గ్రాండే అన్నాను. ఆ బొగ్గును మా ఆవిడ గుంటూరు నుంచి మోసుకొచ్చిన చిన్న రోట్లో నూరాం. పసుపుతో పచ్చరంగు చేద్దామని పిల్ల అంటే, అది వెలుగుకు నిలవదని చెప్పాను, నమ్మలేదు. ఒక కాగితం మీద పూసి సగం అట్టతో మూసి కిటికీలో పెట్టించాను. వారం తిరిగేసరికి అంతంతమాత్రపు ఐరిష్ ఎండకే బయటి సగం వెలిసిపోయింది. "హౌ డిడ్ యూ నో?" అని ఆ పిల్ల నోరు తెరిచి అడిగినప్పుడు నేను పడ్డ సంబరం నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా పడలేదు.

అన్ని రంగులూ కుదిరాయిగాని నీలం దగ్గర చిక్కొచ్చింది. ఆ కాలంలో అసలైన నీలం ఆఫ్గన్ కొండల్లో దొరికే ఒక రాయి నుంచి తీసేవారట, బంగారం కంటే ప్రియం, అందుకని మరియమ్మ పైవస్త్రానికి మాత్రం వాడేవారట. అంత తాహతు లేని చిత్రకారులు నీలిగాజును పొడిచేసి వాడితే, అది వందేళ్ళు తిరిగేసరికి బూడిదరంగుకు దిగిపోయిందట. నా పెట్టెలో నీలం లేదు. ఆ రాయిలోని రంగునే తరువాత ఫ్యాక్టరీల్లో తయారుచేశారని చదివి, అది ఇప్పుడు దేనికి వాడతారో చూస్తే బట్టలకు పెట్టే నీలిమందు! ఇక్కడి వాళ్ళు ప్రెస్ అనే వంటింటి అలమారాలో, పై అరలో, మా ఆవిడ ఇండియా నుంచి తెచ్చుకున్న పొట్లం ఉంది. అది ఇమ్మని అడిగితే ఆవిడ ఆముదం తాగిన ముఖం పెట్టింది. "మీరూ మీ పూతలూ! నా తెల్ల దుప్పట్లకని దాచుకున్నది కూడా మీకే కావాలా?" అంటూనే సగం పొట్లం చించి ఇచ్చింది.

ఇంతకీ ఆ నీలం దేనికంటే, వాళ్ళమ్మ యూనిఫాంకు. మా అమ్మాయి డ్యూటీ అయిపోయాక ఆసుపత్రి బయట కారులో కూర్చుని, ఇంటికి బయలుదేరబోయే ముందు కూతురికి వీడియోకాల్ చేసేది. సాయంత్రం అయిదింటికే చీకటిపడే రోజులు, కారులో ఫోను వెలుగు తప్ప మరో వెలుగు ఉండేది కాదు. ఆ వెలుగులో మాస్కు ఒత్తుకుని ముక్కు మీద, బుగ్గల మీద పడ్డ ఎర్రటి గీతలు, అలిసిన కళ్ళు, నీలం చొక్కా భుజం కొంచెం, మిగతాదంతా చీకటి. ఒకసారి ఫోను పెట్టేశాక పిల్ల నావైపు తిరిగి, ఇది బరోక్ కదా తాతయ్యా అంది ఇంగ్లీషులో. రోజూ ఆ ముఖాన్ని చూసేది మేము ముగ్గురమూ, అందులో ఉన్నది కనిపెట్టింది ఆ పిల్ల ఒక్కతే. తల్లికి చెప్పకుండా ఆ బొమ్మ వేసి, కాలేజీకి పంపేవాటిలో అదే ముఖ్యమైనదిగా పెడదామని నిశ్చయించుకుంది.

పని మొదలయ్యాక నాకు ఇంకా ఉత్సాహం వచ్చింది. ముందు చెక్కపలకంతా గోధుమరంగు మట్టిపూత, దాని మీద జేగురుతో ముఖం, ఆ పైన నూనెలో పలచగా కలిపిన రంగు పూత మీద పూత, ఒకటి ఆరాక ఇంకొకటి. అచ్చంగా మా రాగి బాన పనే! నేను పక్కన కుర్చీ వేసుకుని, పలచగా, ఇంకా పలచగా అంటూ మేస్త్రీగిరీ చేసేవాణ్ణి. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం అన్నట్టు, ఆ ఇంట్లో రంగుల గురించి నా మాటే వేదం. సరిగ్గా అప్పుడే రంగులు కలపడానికి పిల్ల తెచ్చుకున్న అవిసెనూనె సీసా అయిపోయింది. ఆర్డరు పెట్టిన కొత్త సీసా ఇంగ్లండు నుంచి రావాలి, ఆ ఏడే వాళ్ళు యూరపుతో తెగతెంపులు చేసుకున్నారు గనక పార్సిళ్ళన్నీ కస్టమ్స్‌లో పడుకున్నాయి. నాలుగురోజులు చూసి పిల్ల ఆరాటపడుతుంటే, నేనొక ఉపాయం చెప్పాను: మీ అమ్మమ్మ దగ్గర ఆముదం ఉంది, అది కలుపు.

నా ఉపాయానికి శాస్త్రం కూడా ఉంది సుమా. మాత్రలకు లక్కపూత వేసేటప్పుడు ఒట్టి లక్క అయితే పెళుసుబారి పెట్లిపోతుందని అందులో కాస్త ఆముదం కలిపేవాళ్ళం, పూత సాగుతుంది, బీటలు వారదు. పాత బొమ్మల మీద పగుళ్ళు చూసి పిల్ల తన బొమ్మకు కూడా అలా వస్తాయేమోనని అప్పటికే దిగులుపడుతోంది. ఆముదం కలిపితే నాలుగు వందలేళ్ళయినా పగలదని చెప్పాను. అది ఒక్కటి మాత్రం నిజమే. "ఆర్ యూ ష్యూర్, తాతయ్యా?" అని రెండుసార్లు అడిగింది. ముప్ఫైయేళ్ళు పూతలు వేసినవాణ్ణి, నన్నే అడుగుతావా అన్నాను. ఆ పిల్ల నన్ను నమ్మింది. చొక్కా నీలమంతా, ముఖం మీది ఆఖరి పూతలన్నీ ఆముదంతోనే వేసింది.

నేను మరిచిపోయిందేమిటంటే, మా పూతలో ఆరి గట్టిపడేది లక్క, ఆముదం దానికి తోడు మాత్రమే. ఒట్టి ఆముదం ఆరదు. ఎన్నాళ్ళయినా ఆరదు. అవిసెనూనె గాలి తగిలి తోలు కడుతుందిగాని, మన తలకు రాసుకునే ఆముదానికి ఆ గుణమే లేదు. వారం గడిచింది, రెండో వారం వచ్చింది, వేలు పెడితే ఇంకా తడే. ఐరిష్ చలికి ఆలస్యమవుతోందని సర్దిచెప్పాను. అప్పుడు మా ఆవిడ, తడి తువ్వాళ్ళు కూడా గంటలో ఆరతాయి కదా అని, ఎవరితోనూ చెప్పకుండా ఆ బొమ్మను తీసుకెళ్ళి హాట్ ప్రెస్‌లో పెట్టింది. ఈ దేశంలో వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమారాను అలా అంటారు, బట్టలు వెచ్చగా ఉంచుకోవడానికి. ట్యాంకుకు ఆనించి నిలబెట్టి, మంచిపని చేశానని ప్రార్థన కూడా చేసుకుందట. పొద్దున్న తలుపు తీసేసరికి చొక్కా నీలం కింది చీకట్లోకి జారింది, బుగ్గల ఎరుపు గడ్డం దాకా వచ్చింది, మా అమ్మాయి ముఖం కరిగిపోతున్నట్టు ఉంది.

పిల్ల ఆ పలకను బల్ల మీద పడుకోబెట్టి, ఫోను తీసి ఆముదం గురించి వెతికింది. నేను పక్కనుండగానే చదివింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా సరిగ్గా అప్పుడే మా అమ్మాయి నా ఫోనుకు చేసింది. నాకు చెవులు కాస్త మందం గనక స్పీకరు ఎప్పుడూ పెట్టే ఉంటుంది. "ఏం నాన్నా, అదింకా దారికి రాలేదా? ఫార్మసీ వైపు తిప్పుతానన్నావుగా" అంది. నేను ఫోను నొక్కేసేలోపే పిల్ల విన్నది. నావైపు చూసిన ఆ చూపు నేను మరిచిపోలేను. ఎప్పుడూ ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్ల, ఆ మాట మాత్రం తెలుగులో అంది: "కావాలనే చేశావు కదా, తాతయ్యా."

లేదమ్మా అన్నాను, ఒట్టు అన్నాను. ఆమె మేడ మీది గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గడువుకు మూడువారాలు కూడా లేవు. నాలుగు రోజులు అన్నం పళ్ళెం గది బయట పెట్టడం, ఖాళీపళ్ళెం తీసుకోవడం తప్ప మాటల్లేవు. లాక్‌డౌనులో అలిగినవాళ్ళకు పోవడానికి ఇంకో చోటు ఉండదు, అలక తీర్చాలనుకునే వాళ్ళకూ ఉండదు. నేను షానన్ నది ఒడ్డున నడుస్తూ నన్ను నేనే నిలదీసుకున్నాను. ఆముదం కావాలని ఇవ్వలేదు, దేవుని సాక్షిగా తెలియకే ఇచ్చాను. కాని కర్ర విరగకుండా పాము చావకుండా, కూతురి దగ్గర ఒక మాట, మనవరాలి దగ్గర ఒక మాటగా నెలన్నర గడిపాను కదా. పిల్ల ఆ రెండూ కలిపి చూసిందంటే తప్పు పిల్లది కాదు.

క్షమించమని అడగడం నాకు చేతకాదు, మా తరం మగవాళ్ళలో చాలామందికి చేతకాదు. నాకు చేతనైనది ఒకటుంది. మా ఫ్యాక్టరీలో ఒక విడత మాత్రలు చెడిపోతే డీవియేషన్ రిపోర్టు రాయాలి. ఏం జరిగింది, ఎవరు చేశారు, అసలు కారణం ఏమిటి, ఇకముందు జరగకుండా ఏం చేయాలి, అన్నీ దాపరికం లేకుండా రాసి సంతకం పెట్టి, తనిఖీ చేసేవాళ్ళకు ఇవ్వాలి. అసలు కారణం తేలేదాకా ఎందుకు, ఎందుకు అని అయిదుసార్లు అడగాలని నియమం. నాలుగు పేజీలు ఇంగ్లీషులో రాశాను. బొమ్మ ఎందుకు ఆరలేదు? ఆముదం కలిపినందుకు. ఎందుకు కలిపారు? నేను చెప్పినందుకు. ఎందుకు చెప్పాను? నాకు తెలుసనుకున్నందుకు. తెలియని సంగతి తెలుసని ఎందుకు అనుకున్నాను? ఆ పిల్ల అడిగితే తెలియదని చెప్పడం ఇష్టంలేక. ఎందుకు ఇష్టం లేదు? రిటైరయ్యాక నన్ను ఎవరూ ఏదీ అడగలేదు గనక, అని రాశాను. వాళ్ళమ్మకు నేను సరేనన్న సంగతి కూడా రెండో తప్పుగా రాసి, ఈ సాయంత్రమే ఆ సరేను వెనక్కి తీసుకున్నానని కింద చేర్చాను. అప్పటికే మా అమ్మాయికి ఫోను చేసి, నేను నీ పక్షాన లేనమ్మా, ఆ పిల్ల పక్షాన ఉన్నాను అని చెప్పేశాను. నీ ఇష్టం నాన్నా అంది. ఆ కాగితాలు మనవరాలి గది తలుపు కిందనుంచి లోపలికి తోసి, మెట్లు దిగి వచ్చేశాను.

మర్నాడు పొద్దున అవి నా టీకప్పు పక్కన ఉన్నాయి, ఎర్రసిరాతో దిద్ది. స్పెల్లింగులు మూడు, ఒకచోట టిక్కు. హాట్ ప్రెస్‌లో పెట్టింది నేనేనని మా ఆవిడను కాపాడదామని రాశాను, దాన్ని కొట్టేసి పక్కన ఇంగ్లీషులో ఇలా రాసింది: పెట్టింది అమ్మమ్మ, రిపోర్టులో అబద్ధం రాయకూడదు. అయిదో 'ఎందుకు' పక్కన మాత్రం ఏమీ రాయలేదు, చిన్న గుండ్రని మరక ఉంది, కాగితం అక్కడ కొంచెం ఉబ్బింది. ఆ కాగితం తీసుకెళ్ళి మా ఆవిడకు చూపిస్తే, "పెట్టాను, అయితే ఏంటి? మీరు ఆముదం ఇచ్చారు, నేను వేడి ఇచ్చాను" అంది. మెట్ల మీద ఎవరో పకపకా నవ్వారు.

ఆ తరువాత రెండువారాలు మా ఇల్లు ఫ్యాక్టరీలా నడిచింది. అవిసెనూనె పార్సిలు రానేలేదు. ఊళ్ళో ఆరోగ్యానికి తాగే నూనెలు అమ్మే కొట్టు తెరిచే ఉందని మా ఆవిడ మాస్కు కట్టుకుని వెళ్ళి, ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే అవిసెనూనె సీసా పట్టుకొచ్చింది. ఈసారి నేను నోరెత్తలేదు. పిల్ల ముందు చిన్న అట్టముక్క మీద పూసి కిటికీలో పెట్టి, ఆరిందని వేలితో చూసుకున్నాకే మొదలుపెట్టింది. నేను రంగులు నూరాను, చెప్పినంత నూరాను, చెప్పినప్పుడు ఆపాను. రెండో బొమ్మ మొదటిదానంత బాగా రాలేదని నాకనిపించింది. ఆమెకూ అనిపించింది, గడువు మాత్రం మించలేదు. ఫొటోలు తీసి పంపేటప్పుడు ఆ జారిపోయిన బొమ్మ ఫొటో కూడా జతచేసింది, నా నాలుగు పేజీల రిపోర్టు ఎర్రసిరాతో సహా జతచేసింది. సిగ్గుపడి వద్దన్నాను. "ఇట్స్ ది బెస్ట్ పార్ట్" అంది.

కాలేజీవాళ్ళు కంప్యూటరులో ఇంటర్వ్యూ చేశారు, నేనూ మా ఆవిడా వంటింట్లో కూర్చున్నాం. సగంసేపు ఆముదం గురించే అడిగారట, మీ తాతగారు ఇప్పుడేం చేస్తున్నారని కూడా అడిగారట. పక్క గదిలో వింటున్నారని చెప్పిందట. ఈస్టరు తరువాత సీటు వచ్చిందని ఉత్తరం వచ్చింది. వాళ్ళమ్మ ఆ రెండో బొమ్మను మొదటిసారి చూసింది అంతకు ముందే, మార్చిలో బళ్ళు తెరిచాక పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు. "నేను ఇంత అలిసిపోయి ఉంటానా?" అని అడిగింది, ఎవరినీ ఉద్దేశించి కాదు. ఆ రోజే కాదు, ఆ తరువాత ఎప్పుడూ ఫార్మసీ మాట ఎత్తలేదు.

ఇప్పుడా పిల్ల పాత చిత్రాలను బాగుచేసే పని నేర్చుకుంటోంది, వేరే ఊళ్ళో. బూడిదరంగుకు దిగిపోయిన నీలిగాజు కింద అసలు నీలం ఎంత మిగిలిందో మిషన్లు పెట్టి చూస్తారట. రోడ్లన్నీ తెరుచుకున్నాయి, గార్డులు ఎవరినీ ఎక్కడికని అడగడం లేదు, బ్లాంచర్డ్స్‌టౌన్ నుంచి మా ఇంటికి గంటన్నర కూడా పట్టదు. రెండు నెలలకోసారి వస్తారు, భోజనం చేస్తారు, ఫోన్లు చూసుకుంటారు, చీకటి పడకముందే బయలుదేరాలంటారు. నన్ను అడగవలసినవి ఆ పిల్లకు ఏమీ లేవు. నాకంటే ఎక్కువ ఆమెకే తెలుసు, అలా ఉండడమే న్యాయం. ఆ రోజులు మళ్ళీ రావాలని కోరుకుంటే దేవుడు నన్ను క్షమించడు, ఎంతమంది పోయారో మా అమ్మాయి కళ్ళారా చూసింది. అయినా వంటింటి బల్ల ఖాళీగా, శుభ్రంగా కనిపించే ఈ సాయంత్రాల్లో నాకు అనిపిస్తూ ఉంటుంది, ఆ పిల్ల నా మీద కోపంతో తలుపు వేసుకున్న ఆ నాలుగు రోజులూ కూడా ఆ తలుపు వెనక మా ఇంట్లోనే ఉండేది కదా అని.